వార్చిన నీళ్ళు

మా అత్త చేతి చారు దేంతో చేసిందో నోట్లో పెట్టుకోగానే చెప్పడం కష్టం. ఒకరోజు కందిపప్పు మీద తేరిన కట్టు, ఒకరోజు తోటకూర ఉడికిన నీళ్ళు, చలికాలమైతే చిక్కుడు గింజల మాదిరి ఉండే అనపగింజలు ఉడికిన నీళ్ళు. అందులో చింతపండు పిసికి, మిరియాలూ జీలకర్రా తెల్లగడ్డలూ దంచి వేసి, ఒక పొంగు రాగానే దించేస్తుంది. ఉడికిన నీళ్ళను పారబోయడమనేది ఆమె వంటలోనే లేదు. కార్వేటినగరం దగ్గర పల్లెలో పుట్టి, అక్కడే కాపురం చేసిన మనిషి. అన్నం వార్చితే గంజి ఆవుకు, కూర వార్చితే నీళ్ళు చారుకు. "సత్తువంతా నీళ్ళలోకే దిగుతాది. మీద మిగిలేది పిప్పే" అంటుంది.

ఆ మాట పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాను. ఈ మధ్య మా ఇంట్లో జరిగినదాన్ని మనసులోనే తిప్పుకుంటూ ఉంటే అది ప్రతిసారీ కొంచెం నా వైపుకే మొగ్గుతోంది, నాకు అనుకూలంగా మారుతోంది. అందుకని బిడ్డ పడుకున్నాక ఇలా కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద పెడితే జరిగింది జరిగినట్టు నిలబడుతుందేమోనని.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. తిరుపతి నుంచి కంపెనీ బస్సులో శ్రీ సిటీకి పోయి, ఒక రంగుల కంపెనీ ల్యాబులో పనిచేసి వస్తాను. ప్రసవం సెలవు అయిపోవచ్చినప్పుడు బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియక నేనూ మా ఆయనా రోజూ ఒకరినొకరు సాధించుకుంటుంటే, అత్త తన ఆవును తమ్ముడి ఇంట్లో కట్టేసి, ఒక గుడ్డల సంచితో వచ్చి దిగింది. "ఆవుకంటే ఇదేమన్నా గట్టిగా పొడస్తాదా" అంటూ బిడ్డను ఎత్తుకుంది. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో అరుపులు తగ్గాయి.

ఆమెకు బీపీ ఉందని తెలిసింది కూడా బిడ్డ వల్లనే. టీకా వేయించడానికి పోయినప్పుడు అక్కడి నర్సు ఖాళీగా ఉండి, అత్త చేతికి పట్టీ చుట్టింది. గాలి వదిలి, నమ్మకం కుదరక మళ్ళీ చుట్టింది.

"ఏమ్మా, నీకు తల తిరగడంలేదా?"

"నా తల ఎందుకు తిరుగుతాది? ఈ పిల్లే నన్ను తిప్పతా ఉండాది."

మా వీధి చివర క్లినిక్ నడిపే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఉప్పు తగ్గించమని చెప్పి ఆమె రెండు మాత్రలు రాసింది. ఒకటి మామూలు బీపీ మాత్ర. రెండోది నీళ్ళ మాత్ర. ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీళ్ళనూ మూత్రంలో బయటికి పంపిస్తుందని, దాంతో రక్తనాళాల మీద ఒత్తిడి తగ్గుతుందని డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. అత్త రెండు రోజులు వాడి చూసి దానికి తనే పేరు పెట్టింది, పరుగు మాత్ర అని. పల్లెకు పోయే రోజు మాత్రం దాన్ని ఎగ్గొట్టేది.

"పరుగు మాత్ర మింగి బస్సెక్కితే, పుత్తూరు దాటినాంక డ్రైవరు నిలపతాడా? నువ్వొచ్చి సెప్పతావా ఆయనకు?"

నేను కోప్పడ్డాను.

బీపీ తగ్గింది. కానీ కొన్నాళ్ళకు పిక్కలు పట్టేయడం మొదలైంది. బిడ్డను చంకలో పెట్టుకుని నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయేది. రక్తపరీక్షలో పొటాషియం తక్కువని వచ్చింది. నీళ్ళతో పాటు పొటాషియంను కూడా ఈ మాత్ర బయటికి పంపేస్తుందని, అది తగ్గితే కండరాలు బిగుసుకుంటాయని, గుండె కూడా కండరమేనని డాక్టరమ్మ చెప్పింది. కొబ్బరినీళ్ళు, అరటిపండు, ఆకుకూరలు, గింజలు బాగా పెట్టమంది.

నాకు ఆ పని నచ్చింది. పొద్దున్నే బిడ్డను వదిలిపోయేటప్పుడు గుండెలో ఒక ముల్లు ఉండేది. అత్తకోసం ఏదో ఒకటి చేస్తే అది కొంచెం మెత్తబడేది. బస్సు దిగి వస్తూ టెంకాయ బోండాం కొట్టించి తెచ్చేదాన్ని.

"దినామూ టెంకాయ నీళ్ళు తాగేదానికి నేనేమన్నా పెండ్లికొడుకునా?" అనేది, తాగుతూనే.

ఆ రోజుల్లోనే, నాకు బాగా గుర్తు, ఒక సాయంత్రం ఆమె చేసిన చారు తాగుతూ నా చదువు చూపించాను. "అత్తా, పొటాషియం అంతా నీ చారులోనే ఉంది. అది నీళ్ళలో కరిగే సరుకు. ఉడికించినప్పుడు కూరలోనుంచి నీళ్ళలోకి వచ్చేస్తుంది. నువ్వు చెప్పే సత్తువ అదే" అన్నాను.

అత్త ముఖం వెలిగిపోయింది. పొయ్యి దగ్గర నుంచి కొడుకును కేకేసింది. "అబ్బయా, విన్నావా? సదువుకున్నోళ్ళు ఇప్పుడు కనుక్కున్నారంట. మీ జేజమ్మ ఎప్పుడో సెప్పింది."

అప్పటి నుంచి ఆమె ఒక గ్లాసు చారు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. మందు మాదిరి.

ఎంత తిన్నా పొటాషియం పూర్తిగా మామూలుకు రాలేదు. డాక్టరమ్మ ఈసారి నీళ్ళ మాత్రనే మార్చింది. "ఇది నీళ్ళను పంపిస్తుంది గానీ పొటాషియంను పోనివ్వదు. పట్టి పెట్టుకుంటుంది" అంది.

"ఓ, పిసినారి మాత్ర" అంది అత్త. డాక్టరమ్మ కూడా నవ్వింది.

సరిగ్గా అప్పుడే బిడ్డ ఏడుపు అందుకుంది. పాలకోసం. నేను బిడ్డను తీసుకుని వరండాలోకి వచ్చేశాను. లోపల డాక్టరమ్మ చెప్పే మాటలు సగం వినపడ్డాయి, సగం వినపడలేదు. బయటికి వచ్చేటప్పుడు నన్ను తలుపు దగ్గర ఆపి మళ్ళీ చెప్పింది. కిడ్నీలు కొంచెం నెమ్మదిగా పనిచేస్తున్నాయి కాబట్టి ఇప్పుడు పొటాషియం పెరిగే భయం ఉంది, కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు ఆపండి, ఆకుకూరలూ గింజలూ ఉడికించి, వార్చి వండండి, వచ్చే వారం రక్తం ఇచ్చి పోండి, అని. బిడ్డ నా భుజం కొరుకుతోంది. నేను తల ఊపాను.

ఇంటికి వచ్చి అత్తకు అప్పజెప్పాను. "ఇక మీదట ఆకైనా గింజైనా ఉడికించి వార్చాలంట అత్తా."

"వార్చేది గూడా నాకు కొత్తగా నేర్పిస్తావా?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. ఒక పని తేలికైపోయిందని నాకు అనిపించింది.

ఆ వారం కంపెనీలో తనిఖీ ఉంది. రక్తపరీక్ష వచ్చే ఆదివారానికి అనుకున్నాను. ఆ ఆదివారం బిడ్డకు జ్వరం. ఆ తర్వాతి ఆదివారం ఏమైందో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడంలేదు. ఏమీ అయి ఉండదు.

అది అనపకాయల కాలం. అత్త మధ్యాహ్నం బిడ్డను పడుకోబెట్టి, కాయలు ఒలిచి, గింజలు ఉడికించి వార్చి పెట్టేది. నేను బస్సు దిగి ఇంట్లోకి రాగానే మిరియాల వాసన ఎదురొచ్చేది. కాళ్ళు కడుక్కుని బిడ్డకు పాలిస్తూ కూర్చుంటే చారు గ్లాసు నా చేతికిచ్చి, తన గ్లాసుతో పక్కన కూర్చునేది. పొయ్యి పక్కన, పళ్ళెం మూసిన గిన్నెలో వార్చిన నీళ్ళు ఉండేవి. నేను ఆ పళ్ళెం తీసి కూడా చూశాను. చూసి, మళ్ళీ మూసి పెట్టాను. ల్యాబులో రోజంతా నేను చేసే పని, వడకట్టిన నీళ్ళలో ఏం కరిగి ఉందో చూడటమే.

అత్త నడక మారింది. ఈసారి పిక్కలు పట్టేయడం కాదు. కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేది. బిడ్డను ఎత్తుకున్న కాసేపటికే దించి, మెట్ల మీద కూర్చునేది.

"కాళ్ళు నావి కావన్నట్టు ఉండాయి పాపా" అంది నాతో ఒకరోజు.

అంతకు ముందే ఆమె ఆవును చూసి రావడానికి పల్లెకు పోయి వచ్చింది. నాకు వెంటనే పాత సంగతి గుర్తొచ్చింది.

"మళ్ళీ మాత్ర ఎగ్గొట్టినావా?"

"లేదే. ఈ మాత్రకు అంత పరుగేం లేదు. మింగే పోయినాను."

"నిజం చెప్పు అత్తా."

"బిడ్డ మీద..." అని నోరు మూసుకుంది. బిడ్డ మీద ఒట్లు పెట్టుకోవడం నాకు గిట్టదని ఆమెకు తెలుసు.

నేను నమ్మలేదు. ఆమె వినేటట్టే మా ఆయనతో అన్నాను, "మీ అమ్మ ఇట్లా దొంగతనంగా మాత్రలు మానేస్తే నేను ఎన్నిసార్లు ఆస్పత్రులకు తిరగాల?" మరుసటి రోజు నుంచి మాత్రలు నా దగ్గరే పెట్టుకున్నాను. బస్సుకు పోయే ముందు ఆమె చేతిలో మాత్ర వేసి, నీళ్ళిచ్చి, ఎదురుగా నిలబడేదాన్ని.

"నోరు తెరువు, చూడాల."

అత్త నోరు తెరిచి, నాలుక ఎత్తి కూడా చూపించేది. "సూసుకో. నాలిక కింద యాడా దాసిపెట్టలేదు" అని నవ్వేది.

"మా అమ్మను ఇస్కూలు పిల్ల మాదిరి చేసేసినావే" అన్నాడు మా ఆయన.

నేను నవ్వలేదు. నేను చేస్తున్నది బాధ్యత అనుకున్నాను. పొద్దున పొటాషియంను పట్టి పెట్టే మాత్ర నా చేత్తో వేసి, సాయంత్రం అదే పొటాషియం కరిగిన చారు ఆమె తాగుతుంటే పక్కన కూర్చున్నాను. కాగితం మీద రాస్తే ఇంత చిన్న వాక్యం అయ్యింది.

ఆ రోజు బస్సు రేణిగుంట దాటాక మా ఆయన ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది. అత్తకు ఉన్నట్టుండి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బిడ్డ చంకలో ఉంది. జారిపోతానని తెలిసి, గోడ పట్టుకుని పక్కింటి గుమ్మం దాకా పోయి, బిడ్డను ఆ ఇంటామె చేతికిచ్చి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. లేవలేకపోతోంది.

"బిడ్డ పడిందా?" అని అడిగాను.

"లేదు. అమ్మ పడింది" అన్నాడు.

బస్సు ఆపించి దిగి, ఆటో పట్టుకుని ఆస్పత్రికి పోయాను. దారి పొడుగునా ఆ ప్రశ్నే నా చెవిలో మోగుతూ ఉంది. ఈ రోజు వరకు మా ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాడి చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. గుండె పరీక్ష చేసిన కాగితం చూసి డ్యూటీ డాక్టర్ గబగబా నర్సును పిలిచాడు. గుండెకు కాపుగా ఒక ఇంజెక్షన్ నిదానంగా ఎక్కించారు. తర్వాత గ్లూకోజు బాటిల్‌తో పాటు ఇన్సులిన్.

"మా అమ్మకు షుగర్ లేదు సార్" అన్నాడు మా ఆయన బెదిరిపోయి.

"తెలుసప్పా. రక్తంలో పొటాషియం చాలా పెరిగిపోయింది. ఇది దాన్ని రక్తంలో నుంచి కణాల్లోకి తోస్తుంది. గుండె ఆగిపోకుండా ముందు ఆ పని కావాల" అన్నాడు డాక్టర్.

గుండె ఆగిపోకుండా. అత్త మంచం పక్కన నిలబడి, తెర మీద పైకీ కిందికీ పోయే గీతను చూస్తూ ఉన్నాను. నా పాలు చీరంతా తడిపేశాయి. బిడ్డ పక్కింట్లో ఉంది. మనిషి ఒకేసారి రెండుచోట్ల తప్పు చేయగలదని అప్పుడు తెలిసింది.

గీత మెల్లగా కుదుటపడింది. మరుసటి రోజుకు అత్త కళ్ళు తెరిచి, మొదట ఆవు సంగతి, తర్వాత బిడ్డ సంగతి అడిగింది. మా డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. మంచం పక్కన నిలబడి నన్ను ఒక్కొక్కటే అడిగింది.

"కొబ్బరినీళ్ళు?"

"అప్పుడే ఆపేశాం మేడమ్."

"అరటిపండ్లు?"

"ఇంట్లోకే తేవడంలేదు."

"మరి ఆకుకూరలూ, గింజలూ?"

"అన్నీ వార్చే వండుతున్నాం" అన్నాను. తల ఎత్తుకునే అన్నాను.

మంచం మీద నుంచి అత్త నీరసంగా అందుకుంది. "అవునమ్మా. ఒక్క దినం గూడా వార్చకుండా సెయ్యలేదు. చారుకు సాలదని ఇంకొంచెం ఎక్కువ నీళ్ళే పోసి ఉడకేసినాను."

"చారుకా?"

"వార్చిన నీళ్ళు ఇంకెందుకు? చారుకే గదా."

డాక్టరమ్మ నా వైపు చూసింది. పక్క మంచం మీదున్న ముసలామె ఇదంతా వింటూ, "మన ఇండ్లల్లో వార్చిన నీళ్ళు యాడన్నా పారబోస్తారా తల్లీ, పాపం గాదూ" అంది. మా ఆయన నవ్వాడు. డాక్టరమ్మ కూడా నవ్వి, నుదురు కొట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా. వార్చమన్నాను గానీ పారబోయమనలేదు. నేనూ ఈ ఊరిదాన్నే, నాకైనా తట్టి ఉండాల్సింది" అంది.

అత్త అంతటితో ఆగలేదు. డాక్టరమ్మకు నా గొప్ప చెప్పాలనుకుంది. "మా కోడలు సదివిన పిల్లమ్మా. చారులోనే అంతా కరిగి ఉండాదని అప్పుడే సెప్పింది. దాని పేరేందో... అదే. మందు మాదిరి తాగమనింది."

తాగమని నేను అనలేదు. కానీ అనలేదని ఆ పూట అనడానికి నాకు నోరు రాలేదు.

చారు ఒక్కదానితో ఇంత పెరగదని డాక్టరమ్మ తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పింది. మాత్ర, కిడ్నీలు, టైముకు చేయించని రక్తపరీక్ష, అన్నీ కలిశాయంది. నేను ఏడుస్తున్నానని అలా అన్నదేమో. అది నిజమే అయినా, పరీక్ష ఆలస్యం చేసింది నేనే. నీళ్ళలో ఏముందో ఆ ఇంట్లో తెలిసింది నా ఒక్కదానికే. డిగ్రీ పరీక్షలో పొటాషియం లవణాలు నీళ్ళలో ఇట్టే కరుగుతాయని రాసి మార్కులు తెచ్చుకున్నాను. అత్తకు చెప్పి మెప్పు తెచ్చుకున్నాను. అవసరమైన రోజున మాత్రం గిన్నె మీద పళ్ళెం తీసి, చూసి, మూసి పెట్టాను.

పిసినారి మాత్ర ఆపేశారు. ఇప్పుడు వేరే మాత్రలు, తక్కువ మోతాదులో. రక్తపరీక్ష తేదీ వస్తే కంపెనీలో ఎవరు ఏమన్నా సెలవు పెడుతున్నాను. మా ఆయన జరిగింది మర్చిపొమ్మంటాడు. ఇంటికి వచ్చిన కొత్తల్లో ఒకరోజు అత్త తల దువ్వుతూ, నేను అనుమానపడిన మాట ఎత్తాను. క్షమించమని అడగాలని నాలుగైదు రకాలుగా అనుకుని, ఏదీ సరిగ్గా రాక, "ఆ రోజు నువ్వు నిజమే చెప్పినావు అత్తా" అన్నాను.

"మొదట్లో ఎగ్గొట్టేదాన్ని గదా. నువ్వు అనుమానపడేది న్యాయమే" అంది. తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది. న్యాయమే అనేసరికి అది నా దగ్గరే ఉండిపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి తోటకూర నేనే ఉడికించాను. నీళ్ళు వార్చి, గిన్నె పట్టుకుని సింకు దగ్గర నిలబడ్డాను. పచ్చటి నీళ్ళు, ఆవిరి వస్తోంది. పారబోయడానికి గిన్నె వంచబోతుంటే వెనక నుంచి అత్త గొంతు వినపడింది.

"ఆగు. ఏం సేస్తా ఉండావు?"

"నువ్వు తాగకూడదు అత్తా. డాక్టరమ్మ చెప్పింది విన్నావు గదా."

"నేను తాగకూడదు. నీకేమైంది? పాలిచ్చేదానివి." నా చేతిలోనుంచి గిన్నె తీసుకుంది. "సత్తువను తూములోకి పోసేంత కలిగినోళ్ళమా మనం?"

అప్పటి నుంచి మా ఇంట్లో సాయంత్రం రెండు చార్లు కాగుతాయి. ఆమెది ఉత్త నీళ్ళతో చేసింది, పలచన. నాది వార్చిన నీళ్ళతో చేసింది, చిక్కన. ఆమె కూరలోనుంచి దిగినదంతా నా గ్లాసులో ఉంటుంది. వద్దని చాలాసార్లు చెప్పి చూశాను. ఆకలి లేదన్నాను, కారం ఎక్కువన్నాను. ఏదీ పనిచేయలేదు. అసలు కారణం ఆమెకు చెప్పేది కాదు.

ఇవాళ కూడా బిడ్డను ఒళ్ళో వేసుకుని, నేను మొత్తం తాగేదాకా ఎదురుగా కూర్చుంది. చివరి గుక్క నోట్లోనే ఆపుకుని ఉన్నాను. అది చూసి నవ్వింది.

"నోరు తెరువు, సూడాల."

నేను మింగి, నోరు తెరిచి చూపించాను.